అక్షరం ఒక్కటే, అంకెలే వేరు

కంప్యూటర్లో తెలుగు కనబడటం ఒక ఎత్తు. ఒక కంప్యూటర్ రాసిన తెలుగు మరో కంప్యూటర్‌కు అర్థం కావడం ఇంకో ఎత్తు. ఈ రెండోది కుదరడానికి పట్టిన కాలంలో తెలుగు పోగొట్టుకున్నదెంత?

తాటాకుకు చెదలు పడుతుంది. కాగితం పసుపుబారి, పెళుసెక్కి, మడత దగ్గర విరిగిపోతుంది. అయినా వాటికో సుగుణం ఉంది. మిగిలిన ముక్క ఎంత చిన్నదైనా, తెలుగు చదవడం వచ్చినవాడెవడైనా దాన్ని చేతిలోకి తీసుకుని చదువుకోగలడు. రాసినవాడు ఏ ఊరివాడో, అతని గంటం ఏ కమ్మరి చేసిందో తెలియాల్సిన పని లేదు. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను కూర్చోబెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ ముందేసుకుని పాఠాలు సరిచూడగలిగారంటే కారణం అదే. లేఖకులు ఎందరైనా లిపి ఒక్కటే.

1990ల్లో కంప్యూటర్ మీద కంపోజ్ చేసిన తెలుగుకు ఆ భాగ్యం దక్కలేదు. తాటాకు కన్నా వెయ్యి రెట్లు గట్టిదనుకున్న సీడీలో భద్రంగా ఉన్న పుస్తకం ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఎవరికీ అర్థం కాకుండా పోయింది. సీడీ పాడవలేదు. ఫైలు చెరగలేదు. పోయిందల్లా ఫలానా సంఖ్యకు ఫలానా అక్షరమన్న ఒప్పందమే.

ప్రకాశం జిల్లాలో డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన ఒక లెక్చరర్ అనుభవం ఇందుకు మచ్చుతునక. 1980ల్లో వేసవి సెలవులు వస్తే చాలు, ఆయన సంచీ తగిలించుకుని పల్లెలు పట్టేవారు. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు... పాడేవాళ్ల ఇంటి అరుగు మీదే కూర్చుని రాసుకునేవారు. పాడినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే డెబ్బై దాటిన ఆడవాళ్లు. సంతకం చేయడం రాని వాళ్ల గొంతుల్లో వందల చరణాలు. 1998లో ఆ పాటలన్నీ నాలుగు వందల పైచిలుకు పేజీల పుస్తకమయ్యాయి. సొంత ఖర్చుతో 500 కాపీలు. బంధువులకు, స్నేహితులకు, లైబ్రరీలకు ఇవ్వగా మిగిలినవి కొన్నేళ్లకు అయిపోయాయి.

రెండో ముద్రణ వేద్దామనుకునేసరికి కంపోజ్ చేసిన డీటీపీ సెంటర్ మూతపడింది. ఆయన దగ్గర సీడీ ఉంది. దాన్ని పట్టుకుని మరో సెంటర్‌కు వెళ్లారు. తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు, యూరప్ భాషల నెత్తి గుర్తులు కలగాపులగంగా పేజీల నిండా పరుచుకున్నాయి.

"ఫైలు బాగానే ఉంది మాస్టారూ. ఇది కొట్టిన ఫాంటే మా దగ్గర లేదు" అన్నాడు ఆపరేటర్ కుర్రాడు.

"ఫాంటు సంగతి సరే బాబూ. లోపల అక్షరాలున్నాయా, లేవా?"

"అక్షరాలు ఎప్పుడూ లేవండీ. బొమ్మల నంబర్లే ఉన్నాయి."

జీవితమంతా అక్షరాలు నేర్పిన మనిషికి ఆ మాట మింగుడుపడలేదు. కానీ కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం.

కంప్యూటర్‌కు అంకెలు తప్ప అక్షరాలు తెలియవు. ఫలానా సంఖ్యకు ఫలానా అక్షరమని ముందే అనుకుంటే తప్ప అది దేన్నీ దాచుకోలేదు. 1963లో అమెరికాలో మొదలైన ఆస్కీ ప్రమాణం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, యంత్రానికిచ్చే ఆదేశాలు అన్నిటికీ కలిపి 128 సంఖ్యలు కేటాయించింది. ఇంగ్లిష్ పెద్ద 'ఎ' అంటే 65. తయారుచేసిన కంపెనీ ఏదైనా ఆ 65ను 'ఎ' అనే చదువుతుంది. తర్వాత ఒక్కో అక్షరానికి ఎనిమిది బిట్లు వాడే పద్ధతి స్థిరపడటంతో సంఖ్యలు 256 అయ్యాయి. ఇంగ్లిష్‌కు అది విశాలమైన ఇల్లే. తెలుగుకు మాత్రం ఇరుకు గది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, వత్తు మీద వత్తు... అక్షరం మొత్తాన్నీ ఒక్కో సంఖ్యలో పెట్టాలంటే వేలల్లో కావాలి.

అందుకని ఫాంట్లు చేసినవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒకటి, ఏత్వం ఒకటి, వత్తులు విడివిడిగా. ఆ ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యల్లో కూర్చోబెట్టారు. ఫైల్లో ఉన్నది 65. ఫాంటు ఉంటే అక్కడ తలకట్టు కనబడుతుంది. లేకపోతే ఇంగ్లిష్ 'ఎ' కనబడుతుంది. తంటా అంతటితో తీరలేదు. ఏ ముక్కను ఏ సంఖ్యలో పెట్టాలన్నది ఎవరి ఇష్టం వారిదైంది. ఒకరి ఫాంటులో తలకట్టు ఉన్నచోట మరొకరికి 'మ' వత్తు ఉండొచ్చు. ఒకే వాక్యం రెండు ఫాంట్లలో రెండు వేర్వేరు సంఖ్యల వరుసలు. ఫాంటు మారిస్తే ఇంగ్లిష్‌లో అక్షరాల అందం మారుతుంది. తెలుగులో ఏకంగా మాటే మారిపోయేది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన 'అను', పుణె నుంచి వచ్చిన 'శ్రీలిపి', బెంగళూరు నుంచి వచ్చిన 'ఆకృతి' వంటి సాఫ్ట్‌వేర్లు సీసపు అచ్చుల కాలం నుంచి తెలుగు ముద్రణను చేయి పట్టుకుని ఇవతలికి తెచ్చాయి. వాటివల్లే పెళ్లి శుభలేఖ నుంచి పాఠ్యపుస్తకం దాకా తెలుగు అచ్చు అందం సంతరించుకుంది. పేజ్‌మేకర్ తెరిచి, ఆపిల్ కీబోర్డు పద్ధతిలో వేళ్లు పరుగెత్తించే ఆపరేటర్లు వేలమంది దానిమీదే ఇల్లు గడుపుకున్నారు. వాళ్ల గమ్యం కాగితం. కాగితం మీద అక్షరం పొందిగ్గా పడితే పని అయిపోయినట్టే. లోపల ఏ సంఖ్య ఉంటే ఎవరికి పట్టింది?

ఆ ఫైలును మరో ఊరికి పంపాలన్నప్పుడే చిక్కు వచ్చిపడేది. అవతలివాళ్ల దగ్గర అదే ఫాంటు ఉండాలి. ఉన్నా అదే వెర్షన్ కావాలి. సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి కంప్యూటర్ వెనక తగిలించే 'లాక్' కూడా కావాలి. ఇవన్నీ కుదరకపోతే మిగిలిన దారి ఒక్కటే. ఇక్కడ ప్రింటు తీసి, బస్సులోనో కొరియర్లోనో పంపి, అక్కడ మొదటి నుంచి మళ్లీ టైపు చేయడం. అంటే రెండు తెలుగు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే మధ్యలో కాగితం దుబాసీగా నిలబడాల్సి వచ్చేది.

రైళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కథేం కాదు. గుంతకల్లు లాంటి జంక్షన్లలో ఒకప్పుడు 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్, 1,000 మిల్లీమీటర్ల మీటర్‌గేజ్ కలుసుకునేవి. కలుసుకోవడమంటే పక్కపక్కన నిలబడటమే. ఒకదాని బండి రెండోదాని మీద నడవదు. సరుకు దింపి, మోసి, మళ్లీ ఎక్కించాలి. 1992లో రైల్వేశాఖ దేశమంతా ఒకే గేజ్ చేయాలని పూనుకున్నాక ఆ మోత తగ్గుతూ వచ్చింది. రెండు గేజ్‌ల్లో ఏది మేలైనదన్న చర్చ ఇంజినీర్లది. రెండూ ఉండటమే కూలీకి బరువు. తెలుగు ఫైళ్ల విషయంలో ఆ కూలి పని ఆపరేటర్ వేళ్ల మీద పడింది.

విచిత్రమేమిటంటే, ఒప్పందం ఏమిటో అప్పటికే కాగితం మీద ఉంది. 1980ల్లోనే భారత ఎలక్ట్రానిక్స్ శాఖ దేశీయ లిపుల కోసం 'ఇస్కీ' అనే సంకేత పద్ధతి తయారుచేయించింది. 1991లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని ఐఎస్ 13194గా ప్రకటించింది. దాని పూర్తి పేరులోనే సమాచార వినిమయం అన్న మాట ఉంది. ఇస్కీ పట్టుకున్న కీలకం చాలా తెలివైనది. అక్షరం ఆకారాన్ని కాకుండా ధ్వనిని దాచాలన్నది దాని సూత్రం. 'క'కు దేశీయ లిపులన్నిటిలో ఒకే సంఖ్య. అది ఏ లిపిలో కనబడాలన్నది వేరే గుర్తు చెబుతుంది. తలకట్టు ఎక్కడ పెట్టాలి, వత్తు ఎంత కిందికి దించాలి అన్నది తెర మీద చూపించేవాడి పూచీ. కానీ అచ్చు పనికి వాడే సాఫ్ట్‌వేర్లకు దాని అవసరం రాలేదు. ప్రమాణం పుస్తకంలో ఉండిపోయింది. డీటీపీ సెంటర్లు తమ దారిన తాము సాగిపోయాయి.

అదే 1991 అక్టోబరులో ప్రపంచ లిపులన్నిటినీ ఒకే పట్టికలోకి తెచ్చే యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడింది. మొదటి విడతలోనే తెలుగుకు చోటు దక్కింది. భారతీయ లిపుల విషయంలో యూనికోడ్ ఇస్కీ వరుసనే తీసుకుంది. అయితే ఒక్కో లిపికి 128 గదుల చొప్పున సొంత ఇల్లు ఇచ్చింది. ఆ వరుస ఎంత పద్ధతిగా ఉందో సంఖ్యలు చూస్తే తెలుస్తుంది. తమిళ 'క' 2965. తెలుగు 'క' 3093. కన్నడ 'క' 3221. మలయాళ 'క' 3349. ఏ రెండు పొరుగు లిపుల మధ్య చూసినా తేడా సరిగ్గా 128. నలుగురు అన్నదమ్ములు పక్కపక్కన ఒకే నమూనాలో ఇళ్లు కట్టుకుని, వంటగది అన్ని ఇళ్లలోనూ ఒకే మూలన పెట్టుకున్నట్టు.

'స్త్రీ' అన్న మాట తీసుకుంటే ఈ పద్ధతి బలం అర్థమవుతుంది. కంటికి అది ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం ఆరు సంఖ్యలు: 3128, 3149, 3108, 3149, 3120, 3136. అంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. నోరు పలికే వరుసే ఫైల్లోనూ ఉంటుంది. తెర మీద గుడి దీర్ఘం వెళ్లి 'స' నెత్తిన కూర్చుంటుంది, 'త' వత్తు, 'ర' వత్తు కిందికి దిగుతాయి. ఆ సర్దుబాటంతా ఫాంటు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ చూసుకుంటాయి. ఫాంటు మారితే 'స్త్రీ' ఒంపుసొంపులు మారతాయి తప్ప 'స్త్రీ' మరేదో అయిపోదు. ఒప్పందం సారమంతా ఇక్కడుంది. రూపం ఎవరి ఇష్టం వారిది, అర్థం అందరిదీ.

లెక్చరర్ గారి పుస్తకం అచ్చయిన 1998 నాటికి ఈ ఒప్పందానికి ఏడేళ్లు. కానీ ఒప్పందం ఉండటం వేరు, దాన్ని పాటించే యంత్రం బల్ల మీద ఉండటం వేరు. మైక్రోసాఫ్ట్ 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు 'గౌతమి' ఫాంటు ఇచ్చాక గానీ మామూలు కంప్యూటర్లో యూనికోడ్ తెలుగుకు దారి పడలేదు. అదీ కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి, సంక్లిష్ట లిపుల దగ్గర టిక్ పెట్టి, అడిగినప్పుడు విండోస్ సీడీ పెడితేనే. అంత శ్రమ పడాలని ఎవరికి తెలుసు? తెలియనివాళ్లకు తెర మీద డబ్బాలే కనబడేవి.

ఈ ఎడబాటును పూడ్చింది ఎక్కువగా జీతం లేని మనుషులే. 1990ల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. ప్రవాసాంధ్రులు ఒకరికొకరు తెలుగులో రాసుకోవడానికి అదే ఆధారమైంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే 'లేఖిని' 2006లో వచ్చింది. ఆ రోజుల్లో దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటులో ఉండేవి. ఒకదాని వార్తను కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే చెత్త కనబడేది. వెతుకుదామంటే గూగుల్‌కు అది తెలుగని తెలిసేదే కాదు. అలాంటి పేజీలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' అన్న పనిముట్టు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తోడైంది. వేర్వేరు ఫాంట్ల పట్టికలను ఒక్కొక్కటిగా విప్పి, ఏ సంఖ్య ఏ ముక్కో రాసుకుంటే తప్ప అలాంటిది తయారు కాదు. ఎవరూ పురమాయించని పని అది.

ఆనక ప్రభుత్వాలూ కదిలాయి. 2009 నవంబరులో కేంద్రం ఈ-గవర్నెన్స్ పనులన్నిటికీ భారతీయ భాషల్లో యూనికోడే ప్రమాణమని ప్రకటించింది. మండలి, గిడుగు, గురజాడ, ధూర్జటి, సురవరం వంటి పేర్లతో ఉచిత యూనికోడ్ ఫాంట్లు జనానికి అందాయి. పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ 2012 నాటి సీఎస్6 రూపంలో భారతీయ లిపులను అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. 2016లో వచ్చిన ఐఎస్ 16333 ప్రమాణంతో మొబైల్ ఫోన్లు 22 భాషలు చదివి చూపించాలన్న నిబంధన వచ్చింది. పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటిగా యూనికోడ్‌కు మారాయి. ఇవాళ వాట్సాప్‌లో తెలుగు పంపేవాళ్లెవరూ అవతలివాళ్ల ఫోన్లో ఏ ఫాంటు ఉందని అడగరు. అడగాల్సిన అవసరం లేకపోవడమే ఒప్పందం గెలిచిందనడానికి సాక్ష్యం.

మరి పాత సీడీ? 2014లో లెక్చరర్ గారు ఎవరినో పట్టుకుని ఆ పాత ఫాంటు సంపాదించారు. దాని సంఖ్యలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కూడా దొరికింది. మీట నొక్కగానే నాలుగు వందల పేజీలు తెలుగులోకి తిరిగొచ్చాయి. సంతోషం అరగంట నిలిచింది. చదవడం మొదలుపెడితే వత్తులు పక్క అక్షరాలకు అంటుకున్నాయి. పేజీల అంకెలు కొన్నిచోట్ల అక్షరాలయ్యాయి. ముందుమాటలో ఇంగ్లిష్‌లో ఉన్న రెండు పేరాలను కూడా యంత్రం తెలుగే అనుకుని, నోరు తిరగని అక్షరాల గుట్టగా మార్చేసింది.

అసలు దెబ్బ వేరేచోట తగిలింది. పల్లె గొంతుల్లో 'ౘలి', 'ౘుక్క' లాంటి మాటల పలుకును ఉన్నదున్నట్టు చూపాలని ఆయన 1998లో పట్టుబట్టారు. ఫాంటులో ౘ, ౙ లేవు. మాస్టారి పట్టుదల చూసి అప్పటి ఆపరేటర్ ఒక ఉపాయం చేశాడు. చ, జల నెత్తిన తెలుగు రెండు అంకెను చిన్నదిగా చేసి, జరిపి జరిపి అతికించాడు. అచ్చులో అద్భుతంగా వచ్చింది. ఫైల్లో మాత్రం అది ఒక 'చ', దానికి సంబంధం లేని ఒక '౨'. కన్వర్టర్ వాటిని అలాగే విడదీసి బయట పెట్టింది. కంటి కోసం చేసిన పని యంత్రానికి అబద్ధమైంది. దానికి ఆపరేటర్‌ను తప్పుపట్టలేం. ౘ, ౙలకు యూనికోడ్‌లో చోటు దొరికిందే 2008 ఏప్రిల్‌లో, 5.1 రూపంలో. అవగ్రహం, పాత లెక్కల్లోని భిన్నాల గుర్తులు కూడా అప్పుడే చేరాయి. అంతకు ముందు ఆ అక్షరం ఉందనడానికి కంప్యూటర్ దగ్గర మాటే లేదు.

మళ్లీ ప్రూఫులు దిద్దడానికి ఆయనకు ఏడు నెలలు పట్టింది. దిద్దేటప్పుడు అనుమానం వచ్చినచోట పాడినవాళ్లను అడుగుదామంటే వాళ్లలో ఒక్కరూ లేరు. అచ్చు పుస్తకం ఒక కాపీ బీరువాలో మిగిలి ఉండబట్టి సరిపోయింది. అది కూడా లేకపోతే కొన్ని చరణాలకు యంత్రం చెప్పిందే వేదమయ్యేది. పని పూర్తయిన రోజు ఆయన కంప్యూటర్‌లో 'ఏతం' అని కొట్టి చూశారు. ఏతం ఉన్న పాటలన్నీ రెప్పపాటులో వరుసకట్టాయి. 1990ల్లో అదే పదసూచి కోసం రెండు వేసవులు అట్టముక్కల మీద రాసుకున్న మనిషి చాలాసేపు మాట్లాడలేదట.

ఒప్పందం కుదిరింది కాబట్టి ఇక చీకూచింతా లేదనుకోవడానికీ వీల్లేదు. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 1,120 బిట్లు. ఏడు బిట్ల ఇంగ్లిష్ అక్షరాలైతే 160. పదహారు బిట్ల తెలుగు సంకేతాలైతే 70. అందులో 'స్త్రీ' ఒక్కటే ఆరు మింగేస్తుంది. అదే కబురు తెలుగులో పంపితే రెండు మూడు మెసేజ్‌ల ఖర్చు. ఈ తేడా తగ్గించడానికి తెలుగుకు ప్రత్యేక పట్టికలు మొబైల్ ప్రమాణాల్లో తర్వాత చేరాయి. కానీ పంపే ఫోను, అందుకునే ఫోను రెండూ వాటిని గుర్తిస్తేనే ప్రయోజనం. ఒక చేత్తో చప్పట్లు మోగవు కదా.

'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట'కు 'వ' వత్తు తగలకుండా మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతారు. ఒకరు పెట్టి, మరొకరు పెట్టకుండా రాస్తే అజాగ్రత్తగా రాసిన సాఫ్ట్‌వేర్‌కు అవి రెండూ వేర్వేరు మాటలు. ఈ కనబడని గుర్తే 2018 ఫిబ్రవరిలో ప్రపంచాన్ని గడగడలాడించింది. 'జ్ఞా' మధ్యలో అది దూరిన రూపం తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిదిద్దింది. జ్ఞానానికి మొదటి అక్షరమే ఫోన్లను మూర్ఛపోగొట్టిందని అప్పట్లో జోకులు పేలాయి. అందులో గమనించాల్సింది వేరే ఉంది. కోట్లమంది మాట్లాడే భాషలో ఒక అక్షరం కలయికను ఎవరూ సరిగా పరీక్షించకుండానే ఫోన్లు జనం చేతుల్లోకి వెళ్లాయి. ప్రమాణం కాగితం మీద ఎంత పక్కాగా ఉన్నా, దాన్ని పాటించేవాళ్లు ఆ భాషను పట్టించుకోవాలి.

ఇప్పుడీ సంగతి ఇంకాస్త బరువెక్కింది. 2022లో కేంద్రం ప్రారంభించిన 'భాషిణి' మొదలుకుని ప్రపంచ కంపెనీల కృత్రిమ మేధ దాకా, తెలుగు నేర్చుకునే యంత్రాలన్నీ తాము చదవగల తెలుగు నుంచే నేర్చుకుంటాయి. చదవగలదంటే యూనికోడ్‌లో ఉన్నది. దాదాపు పాతికేళ్లపాటు తెలుగునాట డీటీపీ సెంటర్లలో కంపోజైన కథలు, పరిశోధన గ్రంథాలు, లిటిల్ మ్యాగజైన్లు, కులవృత్తుల మాటల జాబితాలు, జిల్లా చరిత్రలు ఏవో ఫాంట్ల సంఖ్యలుగా ఎక్కడెక్కడో పడి ఉన్నాయి. యంత్రం దృష్టిలో అవి తెలుగు కావు. అసలు భాషే కావు. స్కాన్ చేసి ఫొటోలుగా పెడుతున్న కాగితాల సంగతీ దాదాపు అంతే. రేపటి యంత్రానికి వెబ్‌సైట్ల తెలుగు వస్తుంది, దంపుళ్ల పాటల తెలుగు రాదు. పిల్లలు ఆ యంత్రాన్నే అడిగి తెలుగు తెలుసుకునే రోజున అది చెప్పని మాట లేని మాటే అవుతుంది.

దీనికి పెద్ద నిధులు, కమిటీలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఊళ్లో ఏ డీటీపీ సెంటరైనా మూతపడుతోందంటే, పాత కంప్యూటర్ తూకానికి వెళ్లకముందే అక్కడికి వెళ్లాలి. పుస్తకం రాసినవాళ్లు, వాళ్ల పిల్లలు ఫైలు అడిగి తెచ్చుకోవాలి. అచ్చు ప్రతి ఒకటి పక్కన పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫైలుతో పాటు అది ఏ ఫాంటులో కొట్టారో, ఏ వెర్షనో అడిగి కాగితం మీద రాసుకోవాలి. చాలామంది మర్చిపోయేది ఆ ఒక్క లైనే.